పాఠకుల ప్రశ్నలు: జైలు నుంచి వచ్చినవాడు మళ్లీ జైలుకే ఎందుకు వెళ్తాడు?

సత్ప్రవర్తన కలిగిన జీవిత ఖైదీలను గడువుకు ముందే విడిచిపెట్టడం గురించి గత సంచికలో ఇచ్చిన జవాబు చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం విడుదల తరువాతి బతుకు గురించినవే కావడంతో ఈసారి శీర్షికను ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా వీధి కుర్రవాడొకడు మోటారు సైకిళ్ల దొంగతనం కేసులో ఏడాదికి పైగా జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఇకనైనా బాగుపడతాడనుకున్నాం. మూడు నెలలు తిరక్కముందే మళ్లీ అదే పనిలో దొరికాడు. జైలు ఎలా ఉంటుందో కళ్లారా చూసినవాడికి కూడా భయం లేకపోతే శిక్షలెందుకు? శిక్షాకాలాన్ని రెట్టింపు చేస్తే తప్ప ఇలాంటివారు దారికి రారేమో. (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: ఆ కుర్రవాడి సంగతి నాకు తెలియదు గాని, అతడి వంటివారికి విడుదలైన మొదటి వారం ఎలా గడుస్తుందో చెప్పగలను. బెయిలు ఉత్తర్వు, జామీనుదారుల కాగితాలు కోర్టు నుంచి జైలుకు చేరేసరికి తరచుగా పొద్దు వాలిపోతుంది. గేటు దగ్గర అతడి వస్తువులు అతడికి తిరిగి ఇస్తారు: ఒక చొక్కా, పర్సు, ఛార్జింగు లేని ఫోను. అందులోని సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఆ నెంబరు ఈపాటికి మరొకరి చేతికి వెళ్లి ఉంటుంది. ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ ముడిపడి ఉన్నది ఆ నెంబరే. ఓటీపీ అందుకోలేనివాడు ఈ రోజుల్లో డెలివరీ పనిలో చేరలేడు, తన ఖాతాలో డబ్బు వేసినా తీసుకోవడానికి తంటాలు పడతాడు. కుటుంబం అద్దె ఇంట్లో ఉంటున్నదైతే, పోలీసులు ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లాక ఇంటివారు ఖాళీ చేయమని చెప్పి ఉంటారు. లాయరు ఫీజుకూ, ములాఖత్‌కు వెళ్లిరావడానికీ, ష్యూరిటీలకూ తల్లి చేసిన అప్పు నూటికి మూడు నాలుగు రూపాయల వడ్డీతో పెరుగుతూ ఉంటుంది. ఇదివరకు పని ఇచ్చిన మెకానిక్ షెడ్డు యజమాని, మొహం మీద కాదనలేక, వచ్చే నెల చూద్దామంటాడు. అలాంటి సమయంలో వెతుక్కుంటూ వచ్చి, అన్నం పెట్టించి, పడుకోవడానికి చోటు చూపించేవాడు చాలాసార్లు బారక్‌లో పక్కన పడుకున్నవాడే అవుతాడు. ఆ తరువాత అతడు అడిగే సాయాన్ని కాదనాలంటే చాలా నిబ్బరం కావాలి.

జైలు చూసినవాడికి భయం ఉండదని నేను అనుకోను. నేరం చేసేవాడు శిక్ష ఎన్నేళ్లన్నది లెక్క వేసుకోడు, దొరుకుతానా లేదా అన్నదే లెక్క వేసుకుంటాడు. అందువల్ల శిక్ష పెంచితే జంకు పెరుగుతుందన్న మాట వినడానికి బాగున్నా, అనుభవంలో అంతగా నిలవదు. పైగా మీరు కోరుతున్న రెట్టింపు చట్టంలో కొంతవరకు ఇప్పటికే ఉంది: 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మామూలు గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు కాగా, రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా 5 ఏళ్ల వరకు కఠిన కారాగారం ఉంటుంది. అదే సెక్షన్ మరో తలుపు కూడా తెరిచింది. తొలిసారి దొంగతనం చేసినవాడు తీసుకున్నది 5,000 రూపాయల కంటే తక్కువ విలువదై, దాన్ని తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు సమాజ సేవ శిక్షగా విధించాలి. ఈ రెండింటిలో రెండో మార్గమే ఎక్కువమందిని నేరం నుంచి దూరంగా ఉంచుతుందని నా అభిప్రాయం.

మళ్లీ నేరం చేసేవారు ఎందరన్నది చెప్పడానికి మన దగ్గర సరైన లెక్క లేదు. విడుదలైన వారిని కొన్నేళ్లపాటు గమనిస్తూ, వారిలో ఎవరు మళ్లీ పట్టుబడ్డారో నమోదు చేసే పద్ధతి ఇక్కడ లేదు. అమెరికాలో అలాంటి లెక్క కట్టారు. 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైనవారిని ఐదేళ్లపాటు గమనిస్తే నూటికి 77 మంది దాకా మళ్లీ అరెస్టయ్యారు. అరెస్టయిన ప్రతివాడికీ శిక్ష పడదు కాబట్టి ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. మనకు పనికొచ్చే విషయం ఆ లెక్క లోపల ఉంది: దొంగతనాల వంటి ఆస్తి నేరాలకు జైలుకెళ్లినవారిలో 82 శాతం, హింసాత్మక నేరాలకు వెళ్లినవారిలో 71 శాతం మళ్లీ అరెస్టయ్యారు. మనం ఎక్కువగా భయపడేది హంతకుడి విడుదలకు. మళ్లీ పట్టుబడే అవకాశం ఎక్కువగా ఉన్నది చిల్లర దొంగకు. వయసు కూడా ఇక్కడ పనిచేస్తుంది. ఇరవై రెండేళ్లవాడు చేసే పనులు నలభై దాటినవారిలో చాలామంది చేయరు.

ఇక జైల్లో బాగుపడాల్సింది అన్న మాటకు వస్తే, మన జైళ్లలో ఉన్నవారు ఎవరో ముందు చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉండగా, వారిలో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలు, అంటే కేసు ఇంకా తేలనివారు. శిక్ష పడిన ఖైదీకి వడ్రంగం, నేత, బేకరీ, తోటపని వంటి ఏదో ఒక పని అప్పగిస్తారు, కూలి జమవుతుంది, విడుదల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి సంక్షేమాధికారి ఇంటివారితో మాట్లాడి పెట్టగలడు. విచారణ ఖైదీకి ఇవేవీ వర్తించవు. అతడు ఎప్పుడు బయటికి వస్తాడో జైలు వారికీ తెలియదు. మీ వీధి కుర్రవాడు ఏడాదికి పైగా పని నేర్చుకోకుండా, శిక్ష కూడా పడకుండా, ఖాళీగా కూర్చుని వచ్చాడు. ఆ ఏడాదిలో అతడు నేర్చుకున్నది ఏమైనా ఉంటే అది పక్కవారి నుంచి నేర్చుకున్నదే.

అతడు మళ్లీ లోపలే ఉన్నాడు కాబట్టి ఒక పని చేయండి. అతడి తల్లిని మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ కార్యాలయానికి పంపండి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచిత న్యాయవాదిని ఇస్తారు. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయే పేద విచారణ ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో మొదలైంది. ఈసారి అతడు బయటికి వచ్చే రోజున గేటు దగ్గర మీరుంటే మరీ మంచిది. ఆధార్‌లో కొత్త ఫోను నెంబరు చేర్చడానికి కాగితాలేవీ అవసరం లేదు. మనిషి స్వయంగా ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు. మిగతా పనులన్నీ ఆ నెంబరు వచ్చాక కదులుతాయి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి మీద రెండు కొట్లాట కేసులున్నాయి. ఒకదాంట్లో శిక్ష అనుభవించి వచ్చి మూడేళ్లయింది. పెళ్లి చేశాం, ఆటో నడుపుకుంటున్నాడు. ఇప్పటికీ రౌడీషీటు ఉందంటూ ఆదివారం ఆదివారం స్టేషనుకు పిలిచి కూర్చోబెడుతున్నారు. ఊర్లో ఏ గొడవ జరిగినా అర్ధరాత్రి తలుపు కొడుతున్నారు. కోడలు పుట్టింటికి వెళ్లిపోతానంటోంది. ఇది ఎన్నాళ్లు? (ఒక తల్లి, కరీంనగర్ జిల్లా)

జవాబు: అమ్మా, రౌడీషీటు శాశ్వతమని చాలామంది అనుకుంటారు, స్టేషనులోని కింది సిబ్బందిలోనూ కొందరు అలాగే చెబుతారు. అది నిజం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఈ షీట్లకు ఆధారం పాత పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. వాటి ప్రకారమే షీటు తెరిచిన ఏడాది డిసెంబరు చివరి వరకు ఉంటుంది. ఆ తరువాత కొనసాగించాలంటే పైఅధికారి పరిశీలించి ఉత్తర్వు ఇవ్వాలి. యాంత్రికంగా ఏటేటా పొడిగించుకుంటూ పోవడాన్ని హైకోర్టు పలుమార్లు తప్పుపట్టింది. రాత్రివేళ ఇళ్లకు వెళ్లి తనిఖీ చేయడం గురించి సుప్రీంకోర్టు 1962 డిసెంబరులోనే ఉత్తరప్రదేశ్ కేసులో తీర్పు చెబుతూ, ఆ వీలు కల్పించిన నిబంధనను కొట్టివేసింది.

మీరు చేయవలసింది ఇది. మీ అబ్బాయి చేత డీఎస్పీకి, కమిషనరేట్ పరిధి అయితే ఏసీపీకి, షీటు మూసివేయమని అర్జీ రాయించండి. శిక్ష పూర్తయిన తేదీ, ఆ తరువాత కేసులేవీ లేవన్న సంగతి, ఆటో లైసెన్సు, పెళ్లి ధ్రువపత్రం జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సమాధానం రాకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు, దానికీ ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. కేసు విచారణ కోసం పిలిస్తే రాతపూర్వక నోటీసు అడగండి. మర్యాదగా, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని అడిగితే మంచిది. వాదనకు దిగితే కొత్త కేసు పుట్టే ప్రమాదం ఉంది.

పోలీసుల వైపు నుంచి చూస్తే నిఘా అవసరం లేదని నేననను. కిరాయి కొట్లాటలతో బతికే ముఠాలు మన పట్టణాల్లో ఉన్నాయి. అయితే ఆదివారం కౌన్సెలింగు పేరిట స్టేషను ముందు వరుసలో నిలబెట్టి, ఒక్కోసారి ఆ ఫొటోలు పత్రికలకు పంపడం వల్ల ముఠాకు జరిగే నష్టం ఏమీ కనిపించదు. ఆటో నడిపేవాడికి మాత్రం ఆదివారం కిరాయి పోతుంది. బడి పిల్లలను తీసుకెళ్లే ఒప్పందం ఉంటే, ఆ ఫొటో చూసిన తల్లిదండ్రులు మర్నాటి నుంచి వేరే ఆటో చూసుకుంటారు.

ప్రశ్న: కొన్ని కులాల్లో నేరం తరతరాలుగా వస్తుందని మా ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. స్టూవర్టుపురాన్ని ఉదాహరణగా చూపిస్తారు. దీనిలో నిజమెంత? (డిగ్రీ విద్యార్థిని, చీరాల)

జవాబు: మీ ఊరికి కూతవేటు దూరంలోని ఊరు గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్టూవర్టుపురంలో స్థిరపడిన ఎరుకలవారు ఒకప్పుడు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్ముకునేవారు. ఉప్పు మీద కంపెనీ ప్రభుత్వపు గుత్తాధిపత్యం, తరువాత వచ్చిన రైళ్లు, అడవి చట్టాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. తిరుగుతూ బతికేవారంటే ప్రభుత్వానికి అనుమానం. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. దాంతో నేరం చేసినవాడూ చేయనివాడూ, పుట్టిన పిల్లవాడూ ఒకే జాబితాలోకి చేరారు. అలాంటివారిని నిఘాలో ఉంచడానికి సెటిల్‌మెంట్లనే కాలనీలు పెట్టారు. బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అక్కడివారు హాజరు పట్టీలో వేలిముద్ర వేయాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి చవకగా కూలీలు దొరికారు. బయటి రైతు మాత్రం వారిని పనికి పిలవడానికి జంకాడు. బయట పని దొరక్కుండా చేసి, ఆపైన పని చేయరని నింద వేయడం ఆనాటి నుంచీ ఉంది.

ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. వెంటనే దాని చోటులోకి అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద జాతి పోయి వ్యక్తి వచ్చాడు గాని, పోలీసు జాబితాలోని పేర్లు పెద్దగా మారలేదు. 1970ల నుంచి ఆ ఊళ్లో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత చేసిన పని గురించి మీరు తెలుసుకోవాలి. హేమలతా లవణం మహాకవి జాషువా కుమార్తె. వారు ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పిల్లల చదువు, కుటుంబాలకు వేరే బతుకుదారి, పోలీసులతో మాట్లాడి కొత్తగా మొదలుపెట్టినవారి మీద వేధింపు తగ్గించడం, ఈ మూడూ కలిపి నడిపారు. ఈనాడు ఆ ఊరి నుంచి ఉపాధ్యాయులు, ఉద్యోగులు వచ్చారు. రక్తంలో నేరముంటే ఒక్క తరంలో ఈ మార్పు ఎలా వచ్చిందో మీ పెద్దవాళ్లనే అడగండి.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలను, పుట్టుకతోనే నేరస్తులన్నట్టు సాగే వర్గీకరణలను కొట్టివేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసివేయమంది. విముక్త జాతులవారిని, అంటే ఆ పాత చట్టం నేరస్తులని ముద్ర వేసిన జాతులవారిని, ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడమని పోలీసులను ఆదేశించింది. రద్దైన చట్టం తాలూకు అలవాటు పోలీసులను 72 ఏళ్ల తరువాత కూడా వదల్లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ప్రశ్న: చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతున్నాను. జైల్లో బైండింగు నేర్చుకుని వచ్చిన ఒకాయన పని అడుగుతున్నాడు. చేతిపని చాలా బాగుంది. తీసుకుంటే చట్టపరంగా నాకేమైనా ఇబ్బందా? మిగతా పనివాళ్లు అభ్యంతరం చెబితే ఏం చేయాలి? (విజయవాడ)

జవాబు: చట్టపరంగా ఇబ్బంది లేదు. శిక్ష పడినవారిని తీసుకోకూడదని ఆంక్ష ఉన్నది సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీల వంటి కొన్ని చోట్లే, 2005 నాటి చట్టం ప్రకారం. చదువు లేనివాడికి నగరంలో సులువుగా దొరికే మొదటి ఉద్యోగం వాచ్‌మన్‌దే, ఆ తలుపే మూసి ఉంది. శిక్ష పడిన రాజకీయ నాయకుడు మాత్రం విడుదలైన ఆరేళ్లకు తిరిగి ఎన్నికల్లో నిలబడవచ్చు.

తీసుకోండి. అయితే మంచితనంతో తొలివారంలోనే గల్లాపెట్టె తాళం అతడి చేతిలో పెట్టకండి. అతడు తీస్తాడని కాదు. వంద రూపాయలు లెక్క తేలకపోతే అందరి చూపూ ముందు అతడి మీదికే వెళ్తుంది, అప్పుడు మీరు కూడా కాపాడలేరు. మొదటి రెండు నెలలు వారానికోసారి కూలి ఇవ్వండి, నెలాఖరు దాకా ఆగే స్థితి అతడికి ఉండదు. బెయిలు వాయిదాలో, పాత కేసు హాజరో ఉంటే ఆ రోజు సెలవు ఇవ్వాల్సి ఉంటుంది. ముందే తేదీలు అడిగి రాసుకోండి. వాయిదాకు వెళ్లకపోతే వారంటు వస్తుంది, వారంటుతో మళ్లీ జైలు. కొత్త నేరమేదీ చేయకుండానే తిరిగి లోపలికి వెళ్లేవారు ఇలాగే వెళ్తారు. మిగతా పనివారికి అతడి కేసు కథ చెప్పడం మీ బాధ్యత కాదు. అడిగితే, నాకు తెలిసే తీసుకున్నానని చెప్పండి. యజమానికి తెలుసు అన్న మాట వినగానే సగం గుసగుసలు ఆగిపోతాయి.

మీరు మొదటివారేమీ కారు. చంచల్‌గూడ జైలు పక్కన జైళ్ల శాఖ పెట్రోలు బంకులో ఖైదీలే పెట్రోలు పోస్తారు, విడుదలైన కొందరికి కూడా అక్కడ ఉద్యోగాలిచ్చారు. హైదరాబాదువాసులు చిల్లర లెక్కపెట్టుకుని మరీ అక్కడ బండి నింపించుకుంటారు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ముద్దాయి శిక్ష తగ్గిస్తూ, ఖైదీకి తగిన పని, ఆ పనికి కూలి, ఇంటివారితో సంబంధం ఉండాలని రాశారు. అది జైలు లోపలి సంగతి. బయటి సంగతి మీవంటివారి చేతిలో ఉంది.

ప్రశ్న: భర్త మరణం కేసులో మా అక్క నాలుగేళ్లు జైల్లో ఉండి నిర్దోషిగా బయటికి వచ్చింది. అత్తింటివారు పిల్లలను చూపించడం లేదు. మా ఇంట్లో కూడా ఎక్కువ రోజులు ఉంచుకోలేని పరిస్థితి. (పేరు, ఊరు వద్దన్నారు)

జవాబు: దేశంలోని ఖైదీల్లో మహిళలు నూటికి నలుగురే. సంఖ్య తక్కువ కావడంతో వారికోసం ఏర్పాట్లూ తక్కువే. మగవాడు తిరిగి వస్తే తల్లో భార్యో గుమ్మంలో నిలబడతారు. ఆడమనిషి వస్తే నిర్దోషి అని కోర్టు చెప్పినా ఆ గుమ్మం తెరుచుకోవడం కష్టం. మీ అక్కగారికి ముందు కావలసింది ఉండడానికి చోటు. కుటుంబ ఆదరణ లేని విడుదలైన మహిళా ఖైదీలకు కూడా ఆశ్రయమిచ్చే ప్రభుత్వ వసతి గృహాలు ఇప్పుడు శక్తి సదన్ పేరుతో ఉన్నాయి. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో గాని, 181 నెంబరుకు ఫోను చేసి గాని చిరునామా తెలుసుకోండి. పిల్లల విషయంలో, తీర్పు నకలుతో కుటుంబ న్యాయస్థానంలో సంరక్షణ కోసం, అది తేలేలోగా కలుసుకునే హక్కు కోసం దరఖాస్తు చేయించండి. ఆలస్యం చేయవద్దు. పిల్లలు తల్లి లేని ఇంటికి అలవాటు పడేకొద్దీ కోర్టు వారిని కదిలించడానికి వెనకాడుతుంది.

ప్రశ్న: అన్నయ్యకు కొట్లాట కేసులో ఆరు నెలల శిక్ష పడి పూర్తయింది. దుబాయి వెళ్లాలనుకుంటున్నాడు. పాస్‌పోర్టు ఇస్తారా? ఏజెంటు కేసు సంగతి రాయొద్దంటున్నాడు. (జగిత్యాల జిల్లా)

జవాబు: పాస్‌పోర్టు చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తగ్గని శిక్ష పడి ఉంటే నిరాకరించవచ్చు. మీ అన్నయ్యకు పడింది ఆరు నెలలే కాబట్టి ఆ నిబంధన అడ్డురాదు. మరో కేసు ఏదైనా కోర్టులో నడుస్తూ ఉంటే మాత్రం ఆ కోర్టు అనుమతి తీసుకోవాలి; అనుమతిస్తే పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. ఏజెంటు మాట వినవద్దు. దరఖాస్తులో వాస్తవం దాచడం అదే చట్టం 12వ సెక్షన్ కింద మరో నేరం, పోలీసు విచారణలో అది ఎలాగూ బయటపడుతుంది. శిక్ష పూర్తయినట్టు జైలు ఇచ్చిన ధ్రువపత్రం, తీర్పు నకలు జతచేసి దరఖాస్తు పెట్టమనండి. అక్కడి కంపెనీ పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ అడుగుతుందో లేదో ఏజెంటుకు డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోమనండి.